రాబిన్ హుడ్స్ బే చూసొచ్చాక నాన్నకు

మిడిల్స్‌బ్రో, ఇంగ్లండ్,
మే 12

నాన్నకు,

నేనిక్కడ క్షేమం. వేట నిషేధం రోజులు కదా, వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టునే ఉంటావు. ఇదంతా ఫోన్లో చెప్పలేక రాస్తున్నా, చెల్లి చేత చదివించుకో.

నిన్న డ్యూటీ లేదు. బస్సెక్కి రాబిన్ హుడ్స్ బే అనే పల్లెకి వెళ్లాను. ఇదీ ఒకప్పుడు వేట మీద బతికిన ఊరే. బస్సు పైన దింపేస్తుంది. అక్కడి నుంచి సముద్రం దాకా నిట్టనిలువు దిగుడు. ఎర్ర పెంకుటిళ్లు, ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాల్సిన సందులు. వీధి చివర రాతి వాలు నేరుగా నీళ్లలోకే దిగుతుంది.

దారిలో ఒక ఫలకం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. 1881 జనవరిలో, మంచు తుఫానులో, విజిటర్ అనే ఓడ ఇక్కడ మునిగింది. ఆరుగురు చిన్న పడవలోకి దిగారు గానీ ఒడ్డుకి రాలేకపోయారు. కాపాడే పడవ ఉన్నది ఆరు మైళ్ల అవతల, విట్బీలో. ఆ సముద్రంలో తేవడం కుదరదు. ఏం చేశారో తెలుసా నాన్నా? 18 గుర్రాలు కట్టి, ఏడడుగుల మంచు తవ్వుకుంటూ, 200 మంది దాన్ని నేల మీద లాక్కొచ్చారు! మొదటిసారి కెరటాల దెబ్బకి తెడ్లు విరిగాయి. మళ్లీ వెళ్లి ఆరుగురినీ తెచ్చారు.

నీ పడవ రాని రాత్రి మన పేటంతా ఒడ్డునే తెల్లవార్లూ కూర్చుంది కదా, అదే గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

పాటు మీద నీళ్లు వెనక్కి పోయాక రాళ్ల మధ్య ఒక చిన్న రాయి దొరికింది. లోపల పొట్టేలు కొమ్ములా చుట్టలు తిరిగిన గవ్వ అచ్చు, చుట్టచుట్టకీ సన్నటి గాట్లు. 18 కోట్ల ఏళ్లు దాటిందట. సాలగ్రామంలో కనిపించే చక్రం కూడా ఈ జాతిదే. నానమ్మకి చెప్పు, వచ్చేటప్పుడు తెస్తాను.

ఇక్కడా సముద్రం ఇళ్లని మింగింది. 1975లో 40 అడుగుల ఎత్తు గోడ కట్టారు. దాన్ని చేత్తో తడిమి చూశాను. మన ఉప్పాడకి ఇలాంటిది ఎప్పుడొస్తుందో.

మొన్న వీడియో కాల్‌లో వెనక గోడ పగులు చూశాను. నానమ్మ మంచం ముందు గదిలోకి మార్చెయ్ నాన్నా, వానలు పడేదాకా ఆగొద్దు. మేస్త్రీకి డబ్బులు అమ్మ ఖాతాలో వేశాను.

నీ పెద్దమ్మాయి