మీ అమ్మ వాచీ గురించి

ఒరేయ్ శీనూ,

మీ అమ్మకి వాచీ కొని, ఆవిడ నడక, గుండె వేగం నీ ఫోన్‌లో కనపడేలా పెడతానని రాశావు కదా. పెట్టు, మంచిదే. కానీ ఒకవైపే పెట్టకు. నీది కూడా ఆవిడకి కనపడనీ.

మా నాన్న సంగతి నీకు తెలుసుగా, రిటైరైనా హెడ్మాస్టరే. గుంటూరులో ఆయన వేసే అడుగులు హైదరాబాద్‌లో కూర్చుని నేను చూస్తానంటే, "అయితే నీ లెక్క నాకేదిరా?" అన్నారు. ఐఫోన్‌లో 2021 నుంచి ఈ సదుపాయం ఉంది. ఎవరికి ఏది చూపించాలో మనమే ఎంచుకోవచ్చు, వద్దనుకుంటే ఆపేయొచ్చు. ఇద్దరికీ ఐఫోన్ ఉండాలి, అదొక్కటే చిక్కు. నా పాతది ఆయనకిచ్చేశాను. నాన్న అడుగులు, గుండె వేగం చూపించారు గానీ బరువు చూపించలేదు! నా దగ్గర మాత్రం నిద్రతో సహా లాక్కున్నారు. ఇప్పుడు పొద్దున్నే ఫోన్: "రాత్రి ఒంటిగంట దాకా ఏం వెలగబెట్టావురా?" మా ఆవిడకి ఇంతకన్నా పెద్ద అండ ఏం కావాలి?

మొదట్లో నాకూ టెన్షనే. సాయంత్రమైనా ఆయన అడుగులు కదల్లేదని అమ్మకి ఫోన్ చేస్తే, "ఇప్పుడేగా బజారుకెళ్లొచ్చారు" అంది. ఆయన నడిచేది చేతులు వెనక్కి కట్టుకుని. వాచీ మణికట్టు కదలికను పట్టి లెక్కేస్తుంది, చెయ్యి ఊగకపోతే కొన్ని అడుగులు వదిలేస్తుంది. అందుకని ఒక్కరోజు అంకె చూసి బెంబేలెత్తకు. వారాల తరబడి తగ్గుతుంటే అప్పుడు అడుగు, అదీ "భోంచేశావా అమ్మా" అన్నాకే.

పదివేల అడుగులని ఆవిడ ప్రాణం తియ్యకు. ఆ అంకె డాక్టర్లు పెట్టింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి అడుగుల మీటరు అమ్ముకోవడానికి ఎత్తుకున్నది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల ఆడవాళ్లని పరిశీలిస్తే, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ ఉన్నాయి. 7,500 దాటాక పెద్ద తేడా లేదు. ఇది చెప్పినప్పటి నుంచి నాన్న 4,400 దగ్గర ఆగిపోతున్నారు. అది ఆడవాళ్ల లెక్క నాన్నా అంటే వినరు. పాస్ మార్కులు చాలట!

ఆపిల్ వాచీ అయితే పడిపోవడాన్ని గుర్తుపట్టే ఏర్పాటు ఉంటుంది. 55 ఏళ్లు దాటినవాళ్లకి అదే ఆన్ అవుతుంది, వయసు సరిగ్గా ఎక్కించాలి. మీ అమ్మ తగ్గించి చెబుతుంది, ఒప్పుకోకు. బీపీ అంకె అది చెప్పదు, ఆ మిషన్ ఇంట్లో ఉండనీ.

కొన్నాక రాయి.

నీ
రవి