బొంగురుపోయిన గొంతులను కాపాడిన ముగ్గురికి కృతజ్ఞతలు

జలుబులు, దగ్గులు మా బృందాన్ని చుట్టబెట్టినన్నాళ్లూ "ఇవాళ పాడొచ్చా, మానాలా?" అని ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా జవాబు చెప్పిన ఈఎన్‌టీ డాక్టరు గారికి, స్పీచ్ థెరపిస్టు గారికి, మా సంగీతం మాస్టారికి అందరి తరఫునా కృతజ్ఞతలు. వాళ్లు నేర్పింది పాడేవాళ్లెవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

డాక్టరు గారు మొదట సరిదిద్దింది "గొంతు బాగాలేదు" అన్న మాటను. బాగాలేనిది ఎక్కడ? ముక్కు దిబ్బడ, తుమ్ములే ఉండి మాట మామూలుగా ఉంటే, జ్వరం లేకపోతే, కాసేపు తేలిగ్గా పాడుకోవచ్చు. మింగేటప్పుడు నొప్పి ఉన్నంత మాత్రాన స్వరతంత్రులకు (గొంతులో అదురుతూ ధ్వని పుట్టించే మడతలకు) వాపు వచ్చినట్టు కాదు. మాట బొంగురుపోయిందా, అప్పుడు మాత్రం వాపు వాటి దాకా దిగినట్టే. మామూలుగా మాట్లాడేటప్పుడే అవి ఆడవాళ్లలో సెకనుకు సుమారు 200 సార్లు, మగవాళ్లలో 110, 120 సార్లు కొట్టుకుంటాయి. కింది "స" నుంచి పై "స" దాకా, అంటే స్థాయి ఒకటి పెరిగితే ఆ లెక్క రెట్టింపు. వాచిన అంచులు అన్నిసార్లు రాసుకుంటుంటే వాపు తీయదు. వాచి బరువెక్కిన తంత్రులు నెమ్మదిగా కదులుతాయి కాబట్టే జలుబులో మంద్రం (కింది స్వరాలు) నిండుగా పలికి, తారస్థాయి (పై స్వరాలు) చేజారిపోతుంది. ఆ మంద్రం విని గొంతు బాగుందని మురిసిపోకూడదు.

వాపు ఉందో లేదో తెలుసుకోవడానికి ఆయన చెప్పిన పరీక్ష బంగారం లాంటిది. మామూలు రోజుల్లో హాయిగా అందే పై స్వరం ఒకటి తీసుకుని, పక్కన పడుకున్న పసిబిడ్డ లేవనంత మెల్లగా "ఊ" అనాలి. అనగానే నాదం పలికితే సరే. ముందు ఉత్త గాలి వచ్చి, ఆ తర్వాత నాదం అందుకున్నా, మధ్యలో తెగినా వాపు ఉన్నట్టే. అదే స్వరం గట్టిగా పాడితే పలుకుతుంది, ఎందుకంటే తోసిన గాలి వాపును కప్పేస్తుంది. అందుకే పరీక్ష ఎప్పుడూ మెల్లగానే చేయాలి.

నీళ్ల విషయంలో చాలామందికి ఉన్న భ్రమ మాకూ ఉండేది. తాగిన నీరు స్వరతంత్రులను తాకదు, తాకితే పొలమారుతుంది. అది ఒంట్లో ఇంకి అక్కడికి చేరడానికి గంటలు పడుతుంది కనుక పొద్దుటి నుంచీ కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే గొంతు నొప్పికి ఉపశమనమే, కానీ ఆ నీరూ తంత్రుల దాకా వెళ్లదు. నేరుగా చేరేది ఆవిరి ఒక్కటే. పొయ్యి మీది నుంచి దించిన గిన్నెను బల్ల మీద కదలకుండా పెట్టి, మొహం కాలనంత ఎడంగా ఉంచి, 5 నుంచి 10 నిమిషాలు నోటితోనూ పీల్చాలి.

మందుల దగ్గర ఆయన చాలా గట్టిగా చెప్పారు. నిద్ర తెప్పించే జలుబు మాత్రలు ముక్కుతో పాటు గొంతునూ ఎండబెడతాయి. తిమ్మిరెక్కించే బిళ్లలు చప్పరించి పాడితే దెబ్బ తగులుతున్నా తెలియదు. ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ కంటే పారాసెటమాల్ మేలు, ఎందుకంటే మొదటి రెండూ రక్తస్రావానికి వీలిస్తాయి. (గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపొద్దు.) ఈ బొంగురు ఎక్కువగా వైరస్ వల్లే కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. స్టెరాయిడ్ వాపు దించుతుంది కానీ, ఆ ధైర్యంతో పూర్తి కచేరీ పాడేస్తే గొంతుకు అసలు ప్రమాదం అక్కడే.

స్పీచ్ థెరపిస్టు గారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. మౌనం అంటే గుసగుసలాడడం కాదని ఆవిడే చెప్పారు. గుసగుసలో చాలామంది గొంతు బిగపడతారు. దానికంటే నాలుగు మాటలు మామూలు గొంతుతో, తక్కువగా మాట్లాడడం నయం. ఇంకొకటి, గొంతు సవరించుకోవడం. ఆ "ఖం" అన్న ప్రతిసారీ వాచిన తంత్రులు ఒకదాన్నొకటి బాదుకుంటాయి, ఆ రాపిడికి మళ్లీ కఫం ఊరుతుంది. దాని బదులు గుటక వేయాలి, లేదా ఒక గుక్క నీళ్లు తాగాలి.

తిరిగి మొదలుపెట్టడానికి ఆవిడ ఇచ్చిన సాధనం ఒక స్ట్రా. సగం గ్లాసు నీళ్లలో దాని కొస 2 సెంటీమీటర్లు ముంచి, "ఊ" అంటూ సన్నగా బుడగలు రప్పించాలి. బుడగలు సమంగా వస్తే గాలి సరిగ్గా పోతున్నట్టు, ఎగిసి నీళ్లు చిందితే తోస్తున్నట్టు. ఐదారు స్వరాల పరిధిలోనే, పూటకు 5 నిమిషాలు. దురద, దగ్గు వస్తే ఆ పూటకు ఆపేయాలి. పై పరీక్షలో స్వరం శుభ్రంగా పలికాకే పాట, అదీ మొదట 10 నిమిషాలు, శ్రుతి దించుకుని, గమకాల జోరు తగ్గించి.

పాడుతుండగా ఉన్నట్టుండి గొంతు పోతే ఆ వాక్యం కూడా పూర్తి చేయొద్దు. తంత్రిలో రక్తనాళం చిట్లి ఉండొచ్చు. పూర్తి మౌనంతో వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లి కెమెరాతో చూపించుకోవాలి. బొంగురు మామూలుగా వారం, రెండు వారాల్లో తగ్గుతుంది. 4 వారాలు దాటితే ఎవరైనా చూపించుకోవాల్సిందే, పాటే బతుకైనవాళ్లు అంతకన్నా ముందే.

ఇక మాస్టారు. రాలేమని చెప్పినవాళ్లను ఒక్క మాట అనలేదు. ఉన్నవాళ్లకు శ్రుతి దించి, పై స్థాయిలో సాగే చరణాలు పంచి ఇచ్చారు. మాస్టారూ, మీకు మా నమస్కారాలు.