మాట పడిపోతే మతి పోయినట్టేనా?

సంపాదకులకు,

అయ్యా,

పక్షవాతం గురించి ఈ మధ్య మీ ఆరోగ్య పుటలో వచ్చిన వ్యాసం చదివాను. మూతి వంకరపోవడం, చెయ్యి లేవకపోవడం, నాలుగున్నర గంటల్లోగా రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ పడవలసిన అవసరం, ఇవన్నీ చక్కగా వివరించారు. ‘మాట పడిపోవడం’ మాత్రం ఒక్క ముక్కలో దాటవేశారు. ఆ ఒక్క ముక్క వెనుక నూట అరవై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది. అది మా ఊళ్ల దాకా రాలేదన్నది నా స్వానుభవం.

2018 వానాకాలంలో దేవరకొండ దగ్గరి మా ఊళ్లో, పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న మా నాయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. రెండు నెలలు తిరిగేసరికి కర్ర పట్టుకొని నడిచారు గానీ మాట రాలేదు. నీళ్లు కావాలన్నా, దుప్పటి కావాలన్నా ‘అదే... అదే’ అనేవారు. నాలుక మొద్దుబారిందని మా పెద్దమ్మ రోజూ వసకొమ్ము అరగదీసి రాసేది. చంటిపిల్లలకు రాసే వస తనకెందుకన్నట్టు ఆయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టేవారు. అయితే వాకిట్లో ఆరబోసిన వడ్ల మీదికి ఎద్దు వస్తే, దాన్ని అదిలించే తిట్టు ఏ తడబాటూ లేకుండా ఆయన నోట వచ్చేది. భజనలో గోవింద నామం అందరితో పాటు పలికేవారు. ఇది చూసి ఊళ్లో కొందరు ‘కావాలనే మాట్లాడుతలేడు’ అన్నారు, కొందరు ‘మతి తప్పింది’ అన్నారు. ఈ రెండో మాట ఎంత దూరం పోయిందంటే, ఒక బ్యాంకులో ఆయన వేలిముద్ర తీసుకోవడానికే వెనుకాడారు.

ఆ తిట్టు సంగతి వైద్యులకు కొత్త కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో 21 ఏళ్లుగా ఉన్న లెబోర్న్ అనే రోగి ఏమడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు. కోపం హద్దు మీరినప్పుడు మాత్రం ఒక దూషణ స్పష్టంగా పలికేవాడు. ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నావని పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు అడిగితే, అరచేతిని నాలుగుసార్లు విప్పి, చివర ఒక్క వేలు చూపించాడు. ఐదు నాలుగులు ఇరవై, పైన ఒకటి. లెక్క తప్పని మనిషిని మతి లేనివాడని ఎలా అంటాం? అతని నాలుక, పెదవులు కూడా కదులుతూనే ఉన్నాయి. 1861 ఏప్రిల్‌లో అతను చనిపోయాక మెదడును పరీక్షించిన బ్రోకా, ఎడమవైపు ముందు భాగం దెబ్బతిన్నదని చూపించాడు. మాట పోవడానికీ ఎడమ మెదడుకూ సంబంధం ఉందని 1836లోనే మార్క్ డాక్స్ అనే ఫ్రెంచి వైద్యుడు వ్యాసం రాసుకున్నా, అది 1865లో కొడుకు అచ్చు వేయించేదాకా వెలుగు చూడలేదు. 1874లో, ఇరవై ఆరేళ్ల కార్ల్ వెర్నికె మరో రకాన్ని వివరించాడు: మాట ధారాళంగా వస్తుంది గానీ అందులో అర్థం కుదరదు, ఎదుటివారు చెప్పేదీ బుర్రకెక్కదు; ఇందులో దెబ్బతినేది ఎడమ మెదడులో చెవి పక్క భాగం. అలవాటుగా వచ్చే తిట్లు, ప్రార్థనలు మిగిలి, తలచుకొని కూర్చవలసిన మాటలే ఎందుకు పోతాయన్న విషయాన్ని హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఆంగ్ల వైద్యుడు లోతుగా చర్చించాడు. మా ఎద్దు తిట్టుకు జవాబు నాకు అక్కడే దొరికింది. బ్రోకా భద్రపరిచిన ఆ మెదడునే ఎమ్మారై తీసి చూసిన అధ్యయనం 2007లో వచ్చింది. దెబ్బ ఆయన అనుకున్నదానికంటే చాలా లోతుకు పోయిందని తేలింది.

ఇక భాషల సంగతి. లంబాడీ, ఉర్దూ, తెలుగు కలగలిసి వినిపించే మా ప్రాంతానికి ఇది ముఖ్యం. పలు భాషలు వచ్చినవారికి మాట పోతే ఏ భాష ముందు తిరిగి వస్తుందన్న ప్రశ్నకు, బాగా వాడుకలో ఉన్నదే ముందు వస్తుందని 1895లో పిత్ర్ అనే ఫ్రెంచి వైద్యుడు వాదించాడు. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి, ఒక్క భాషే వచ్చినవారిలో 19.6 శాతం మందికి ఆలోచనా శక్తి చెదరకుండా ఉందని తెలిపింది. మాట పోవడంలో మాత్రం వీరికీ వారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

పరీక్ష ఏ భాషలో పెడుతున్నారన్నదీ చూడాలి. నగరంలోని ఒక ఆసుపత్రిలో బొమ్మల అట్టలు పరచి ‘కొళాయి చూపించండి’ అన్నారు. నాయన కదలలేదు. అర్థం చేసుకునే శక్తి లేదని రాయబోతుంటే నేను ‘నల్లా ఏది నాయినా?’ అని అడిగాను. వెంటనే వేలు పెట్టారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాట, భాషా వైకల్యాన్ని విడిగా గుర్తించి, అందులో అఫేసియా (మెదడు దెబ్బతినడం వల్ల మాట పోవడం) పేరును కూడా చేర్చింది. అయినా ధ్రువపత్రం కోసం మేము వెళ్లిన శిబిరంలో చెయ్యి, కాలు వంచి చూసి శాతం వేశారే తప్ప మాట ఊసెత్తలేదు. అడగాలని మాకూ తెలియదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపీ ఏ రోజుల్లో అందుతుందో, ధ్రువపత్రంలో మాట వైకల్యాన్ని నమోదు చేయించడానికి ఎవరిని కలవాలో మీ విలేకరుల ద్వారా కనుక్కొని అదే ఆరోగ్య పుటలో ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా