బోర్డు అచ్చుకు పంపే ముందు

గుంటూరు

చిరంజీవి అమ్మలూకు నాన్న ఆశీస్సులు.

సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలిందో చూపే కాటా కోసం నువ్వు గీసిన సర్క్యూట్ బోర్డు బొమ్మలు అందాయి. ఫోను తెర మీద ట్రాకులు, అంటే బోర్డు మీది రాగి గీతలు, సరిగ్గా ఆనడం లేదని బ్రాడీపేటలో అసలు కొలతకు అచ్చు తీయించి, దుకాణంలో లెన్సు కింద పెట్టి చూశాను. సంక్రాంతికి బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా గుచ్చి చూసే పలక) మీద వైర్ల గుత్తిగా తెచ్చినదాన్ని ఇంత పొందికగా అమర్చావంటే చాలా సంతోషం కలిగింది. వైరు కదిలినప్పుడల్లా అంకెలు ఊగే బాధ ఇక తప్పుతుంది. ఆదివారం బోర్డు తయారుచేసేవాళ్లకు గెర్బర్ ఫైళ్లు (బోర్డు పొరల బొమ్మలు) పంపేస్తానన్నావు. రెండు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు, ఇది పూర్తిగా చదివాకే పంపు. ఫోనులో చెప్పిన లెక్కలు నిలవవని ఉత్తరం రాస్తున్నాను.

బోర్డులు గీయడం నాకు రాదు. మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో పాడైన కాటాలు బాగుచేయడమే మన ఇంటి అన్నం. సీజనులో టిక్కీల (మిర్చి బస్తాల) తూకం ఆగిపోతే రైతు, హమాలీ, కమీషన్ వ్యాపారి అందరూ మన నెత్తిన నిలబడతారు. ఆ హడావుడిలో విప్పిన బోర్డులు నాకు రెండు రకాలుగా కనిపించాయి. కొన్నింటిలో ఎక్కడ ఎన్ని వోల్టులుండాలో పక్కనే తెల్ల అక్షరాల్లో ఉంటుంది, మీటరు ముల్లు ఆనించడానికి చోటు ఉంటుంది, తప్పు తొందరగా దొరుకుతుంది. మరికొన్నింటిలో ఐసీ (చిప్పు) మీది నంబరు కూడా గీకేసి ఉంటుంది, ఒక్క అక్షరం అచ్చు వేయరు. అవి కూడా కొత్తలో చక్కగానే తూచి ఉంటాయి. పాడైన రోజున మాత్రం చెత్తబుట్టకు పోవలసిందే. నువ్వు గీసేది మొదటి రకం కావాలి. పనిచేయడం ఒక్కటే చాలదు, పనిచేయనప్పుడు ఎక్కడ చెడిందో బోర్డు తానే చూపించాలి.

ముందుగా, నువ్వు కొలవబోయేది ఎంత చిన్నదో ఒకసారి కాగితం మీద వేసి చూడు. బరువును చిన్న వోల్టేజిగా మార్చే లోడ్ సెల్స్ నాలుగు, ఒక్కొక్కటి 50 కిలోలు మోస్తుంది, మొత్తం 200 కిలోలు. నిండు బరువు దగ్గర, పెట్టిన ప్రతి వోల్టుకు ఒక మిల్లీవోల్టు ఇచ్చే రకం అనుకుందాం. అయిదు వోల్టులు పెడితే నిండు 200 కిలోలకు వచ్చేది 5 మిల్లీవోల్టులు. సిలిండర్‌లో ఉండే గ్యాస్ 14.2 కిలోలు. అంటే కొత్త సిలిండర్ నుంచి ఖాళీ అయ్యేదాకా మారేది మిల్లీవోల్టులో మూడో వంతుకు కాస్త పైన. నూరు గ్రాములు తెలియాలంటే రెండున్నర మైక్రోవోల్టులు గుర్తుపట్టాలి. హెచ్ఎక్స్711 ఆ పని చేయగలదు, సెల్స్ వోల్టేజిని అంకెలుగా మార్చడానికి, కాటాల కోసమే పుట్టిన చిప్పు అది. దానికి మనం అడ్డు రాకుండా ఉండాలి.

అచ్చు కాగితం మీద ఎర్ర కలంతో సున్నా చుట్టిన చోటు ఒకటుంది. ఫోటో తీసి పంపాను, చూడు. ప్రోగ్రామునూ వైఫైనీ నడిపే ఈఎస్పీ32 నుంచి గ్రౌండ్ ట్రాకు (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) బయలుదేరి, హెచ్ఎక్స్711 గ్రౌండ్ పిన్నును తాకుతూ, బ్యాటరీ కనెక్టర్ దాకా సన్నగా వెళ్తోంది. స్కేలు పెట్టి కొలిచాను. వెడల్పు పావు మిల్లీమీటరు, పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. బోర్డు మీద రాగి మందం మామూలుగా 35 మైక్రాన్లు. అంత మందంలో చదరం గడి ఒక్కొక్కటి సుమారు అర మిల్లీఓమ్. పావు మిల్లీమీటరు వెడల్పులో 5 సెంటీమీటర్లంటే 200 గడులు, అంటే ఓమ్‌లో పదో వంతు. చిన్నదే అనిపిస్తుంది. కాని వైఫై సిగ్నల్ పంపే క్షణంలో ఈఎస్పీ32 పావు ఆంపియరు దాటి లాగుతుంది. 0.3 ఆంపియర్లు అనుకుంటే ఆ ట్రాకు మీద 30 మిల్లీవోల్టులు నిలబడతాయి. నువ్వు కొలిచే నిండు బరువు 5 మిల్లీవోల్టులని ఇప్పుడే లెక్కవేశాం. దానికి ఆరు రెట్లు! అదంతా బరువులో నేరుగా కలిసిపోదులే, సెల్స్ కలిపిన బ్రిడ్జి నుంచి వచ్చే రెండు తీగల మధ్య తేడానే హెచ్ఎక్స్711 చూస్తుంది కాబట్టి. అయినా మైక్రోవోల్టుల పనిలో అంత కుదుపు అంకెలను ఆడించడానికి చాలు. యార్డులో ఇలాంటి అంకెల ఆటను సెల్ లోపమనుకుని సెల్ మార్చేస్తారు, రోగం గ్రౌండులో ఉంటుంది.

మందు సులువే. బోర్డు కింది పొర మొత్తం గ్రౌండ్ రాగితో నింపు, హెచ్ఎక్స్711 కింద దాన్ని ఏ ట్రాకుతోనూ కోయకు. ఈఎస్పీ32 నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటు దారి ఒకవైపు, సెల్స్ కనెక్టర్లు రెండోవైపు ఉండేలా తిప్పి పెట్టు. ప్రోగ్రాములో కూడా ముందు తూచి, తరువాత వైఫై వెలిగించు. రెండూ ఒకేసారి జరగవలసిన అవసరం వంటింట్లో ఏముంది? 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ప్రతి ఐసీకి పెట్టావు, మంచిదే. ఒకటి మాత్రం ఐసీకి దూరంగా మూలన ఉండిపోయింది, దాన్ని సరఫరా పిన్ను పక్కకు లాగు. వోల్టేజి రెగ్యులేటర్‌ను సెల్స్ కనెక్టర్ల దగ్గర ఉంచవద్దు. రాగి, సోల్డర్, పిన్ను లోహం కలిసే చోట ఒక పక్క వేడి, ఒక పక్క చల్లదనం ఉంటే మైక్రోవోల్టులు వాటంతట అవే పుడతాయి. మన ఊరి మే నెలలో చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి, నువ్వు పంపిన డేటాషీటు తిరగేస్తుంటే కనిపించింది. హెచ్ఎక్స్711 డేటా తీగను ఈఎస్పీ32లో 12వ నంబరు పిన్నుకు కలిపావు. కరెంటు ఇచ్చిన క్షణంలో ఆ పిన్ను ఎత్తులో (సున్నా దగ్గర కాకుండా నిండు వోల్టేజి దగ్గర) ఉంటే, ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులు చాలని చిప్పు అనుకుంటుంది. నీ మాడ్యూల్‌కు 3.3 కావాలి. హెచ్ఎక్స్711 తూకం సిద్ధం కానంతసేపూ ఆ తీగను ఎత్తులోనే ఉంచుతుంది. అంటే ఒక రోజు లేస్తుంది, ఒక రోజు లేవదు, నువ్వు ప్రోగ్రాములో వెతుక్కుంటూ కూర్చుంటావు. వేరే పిన్నుకు మార్చు. అన్నట్టు, యాంటెన్నా ఉన్న కొన బోర్డు అంచున ఉండాలి, దాని కింద రాగి ఉండకూడదు. కింది పొర నింపేటప్పుడు ఆ చోటు ఖాళీగా వదులు.

ఇక నా అసలు పట్టుదల. 3.3 వోల్టులు, 5 వోల్టులు, గ్రౌండ్, డేటా, క్లాక్, సెల్స్ నుంచి వచ్చే రెండు తీగలు, వీటన్నింటికీ మీటరు ముల్లు ఆనేలా గుండ్రటి రాగి చుక్కలు పెట్టు. పక్కన పేరు, ఉండాల్సిన వోల్టులు అచ్చు వేయి. రెగ్యులేటర్ తరువాత బోర్డుకు వెళ్లే దారిలో ఒక సున్నా ఓమ్ రెసిస్టర్ (విప్పడానికి వీలుగా ఉండే తీగ ముక్కలాంటిది) పెట్టు. షార్టు ఉన్న రోజున దాన్ని విప్పితే తప్పు అటా ఇటా అన్నది వెంటనే తేలుతుంది. సెల్స్ కనెక్టర్ దగ్గర ఎరుపు, నలుపు అని రంగులు రాశావు, అవి తీసెయ్. ఒక్కో తయారీదారు ఒక్కో రంగు వాడతాడు, మూడు తీగల సెల్స్‌లో మరీ ఘోరం. E+, E- (సెల్స్‌కు కరెంటు ఇచ్చే తీగలు), A+, A- (సెల్స్ నుంచి వచ్చే తీగలు) అని రాస్తే ఎవరి చేతికి వచ్చినా తప్పు బిగించరు. బోర్డు మీద తారీఖు, వెర్షన్ నంబరు తప్పక ఉండాలి. మూడేళ్ల తరువాత రెండు బోర్డులు పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఏదో నీకే తెలియదు.

పేర్లు తెలుగులో వేయవచ్చా అని అడిగావు. ఎందుకు వేయకూడదు? అక్షరాలను బొమ్మగా మార్చి తెల్ల సిరా పొరలో పెట్టవచ్చునని నువ్వే చెప్పావు కదా. సైజు మాత్రం పెద్దది తీసుకో. ఇంగ్లీషు అక్షరం ఒక మిల్లీమీటరు ఎత్తులో చదవడానికి వీలవుతుంది, మన ఒత్తులు, గుడులు అంత చిన్నగా అచ్చయితే అలుక్కుపోతాయి. కనీసం రెండు మిల్లీమీటర్లు ఉంచు.

రెసిస్టర్లు, కెపాసిటర్లు 0805 సైజే వాడు. రెండు మిల్లీమీటర్ల ముక్కను పట్టకారుతో పట్టి అతికించవచ్చు. ఒక మిల్లీమీటరు ముక్క ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది. గ్రౌండ్ రాగిలో ఉన్న పిన్నులకు చుట్టూ సన్నని చీలికలు వదిలావో లేదో చూసుకో. లేకపోతే వేడంతా రాగి లాగేసుకుని డ్రై సోల్డర్ (సరిగ్గా కరిగి అంటుకోని అతుకు) అవుతుంది. అతికించాక ఫ్లక్స్ (సోల్డర్ అంటుకోవడానికి వాడే జిగురు) జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడుగు. ఆ జిడ్డు మీద తేమ, కారం దుమ్ము పట్టి సున్నా నిలవని కాటాలు ప్రతి సీజనులోనూ నా బల్ల మీదకు వస్తాయి.

వంటింటి సంగతి. ఇక్కడ నా మాట తప్పక విను. వంట గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. నీ కాటా ఉండేది సరిగ్గా అక్కడే. కాబట్టి సిలిండర్ కింద సెల్స్ మాత్రమే ఉండాలి. బోర్డు, బ్యాటరీ గోడకు, నడుము ఎత్తుకు పైన. చార్జింగ్ వంటింట్లో వద్దే వద్దు, బ్యాటరీ తీసి హాల్లో పెట్టుకో. రిలే పెట్టి అలారం మోగిస్తానన్న ఆలోచన మానుకో, అది కలిసినప్పుడూ విడినప్పుడూ నిప్పురవ్వ వస్తుంది. సెల్స్ నుంచి గోడ దాకా షీల్డు ఉన్న కేబుల్ లాగు, షీల్డును బోర్డు వైపు ఒక్క కొసనే గ్రౌండుకు కలుపు. మీటరున్నర దూరానికి భయం లేదు, యార్డు కాటాల్లో అంతకంటే పొడవైనవి నడుస్తున్నాయి.

నీ కాటాకు, నా కాటాలకు పెద్ద తేడా ఒకటి ఉంది. టిక్కీని కాటా మీద పెట్టి, తూచి, దించేస్తారు. నీ సిలిండర్ నెలల తరబడి దిగదు. లోడ్ సెల్ మీద బరువు అలాగే ఉండిపోతే లోహం, జిగురు మెల్లగా సాగి అంకె జరుగుతూ ఉంటుంది. పగలు, రాత్రి ఉష్ణోగ్రత తేడా దానికి తోడు. కాబట్టి గ్రాములు చూపించవద్దు, నూరు గ్రాముల మెట్లు చాలు. సిలిండర్ మార్చినప్పుడు ఖాళీ పీటను సున్నా చేసి, కొత్త సిలిండర్ పట్టీ మీద రాసి ఉన్న ఖాళీ బరువును ప్రోగ్రాముకు ఇవ్వాలి. ఆ బరువు సిలిండర్‌కు సిలిండర్‌కు మారుతుంది, ఒకటే అనుకుని లోపల స్థిరంగా పెట్టేయకు.

పక్కింటి కిరాణా ఆయన నీ బోర్డు సంగతి విని తనకూ ఒక కాటా చేసి పెట్టమంటున్నాడు. కుదరదని చెప్పాను. అమ్మకానికి తూచే కాటా ఏదైనా తూనికలు కొలతల శాఖ సరిచూసి ముద్ర వేసినదే కావాలి, 2009 చట్టం ప్రకారం. మన ఇంటి గ్యాస్ ఎంత ఉందో చూసుకోవడం వేరు, కొనేవాళ్ల డబ్బు తూచడం వేరు.

ఫైళ్లు పంపే ముందు నువ్వు కూడా అసలు సైజులో అచ్చు తీసి, విడిభాగాలను కాగితం మీద పెట్టి చూడు. నేను నా దగ్గరున్న కనెక్టర్ పెట్టి చూశాను, కొక్కెం బోర్డు లోపలివైపుకు తిరిగి ఉంది, తీగ బయటికి రాదు. సాఫ్ట్‌వేర్ తనిఖీలో అది తప్పుగా రాదు, ఎందుకంటే కలపాల్సిన పిన్నులన్నీ కలిసే ఉన్నాయి.

శుక్రవారం ఆర్టీసీ పార్సిల్లో నాలుగు సెల్స్, రెండు మీటర్ల షీల్డు కేబుల్, మంచి సోల్డర్ తీగ పంపుతున్నాను. అయిదు బోర్డులు వస్తాయన్నావు కదా, ఒకటి ఏమీ బిగించకుండా నాకు పంపు, ముందు కంటిన్యూటీ (ట్రాకులు తెగకుండా కలిసి ఉన్నాయా అన్నది) చూసి చెబుతాను. బిగించినదాన్ని వచ్చేటప్పుడు తీసుకురా. ముద్ర ఉన్న 20 కిలోల తూకపు రాయిని నాలుగు మూలల్లోనూ పెట్టి చూద్దాం. మూలమూలకూ అంకె మారితే పీట చెక్క సమంగా లేదనో, సెల్స్ నాలుగూ ఒకేలా స్పందించడం లేదనో అర్థం, ముందే బోర్డును అనుమానించవద్దు.

అమ్మ సిలిండర్ ఇంకో వారంలో అయిపోయేలా ఉంది. కొత్తది రాగానే పట్టీ మీది ఖాళీ బరువు ఫోటో తీసి నీకు పంపమని చెప్పాను.

ఇట్లు,
నాన్న