ఇష్టంలేని పనిని మొదలుపెట్టించడం: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుల లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన ఈ వారంలో ఉపాధ్యాయులందరూ నా దృష్టికి తెచ్చిన విషయం ఒక్కటే. సెలవుల్లో చేయమని ఇచ్చిన పనిలో తెలుగు, సాంఘికశాస్త్రం చాలామంది పూర్తిచేశారు గానీ, లెక్కలూ సైన్సు రికార్డులో బొమ్మలూ అలాగే మిగిలిపోయాయి. ప్రభల తీర్థం, చుట్టాల రాకపోకలతో తీరిక లేకపోయిందని పిల్లలు చెబుతున్నారు. తీరికే కారణమైతే తెలుగు పనీ మిగిలిపోవాలి కదా! పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో ఉన్నందున ఈసారి లేఖను ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

మీలో చాలామంది దీనిని బద్ధకం అంటారు. నేను ఆ మాటను ఒప్పుకోను. సాయంత్రం లెక్కలకు కూర్చున్న పిల్లవాడిని ఒకసారి గమనించండి. నోటుపుస్తకం తెరిచి తేదీ వేస్తాడు, స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో మార్జిన్ గీస్తాడు, మొన బాగానే ఉన్న పెన్సిల్‌ను మళ్ళీ చెక్కుతాడు, మంచినీళ్ళకని లేస్తాడు, తిరిగి వచ్చాక మార్జిన్ వంకరగా ఉందనిపించి కొత్త పేజీ తిప్పుతాడు. బద్ధకస్తుడు ఇంత శ్రమ పడడు. ఈ లెక్క తనకు రాదేమోనన్న బెరుకును తప్పించుకోవడానికి పడే పాట్లివి. పనిని పక్కన పెట్టగానే మనసుకు ఆ క్షణానికి ఊరట దొరుకుతుందనీ, వాయిదా వేసే అలవాటుకు ఆ ఊరటే మూలమనీ ఫ్యూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. మండలాఫీసులో పని ఉండి వారాల తరబడి వెళ్ళకుండా నెట్టుకొచ్చే పెద్దలకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

కాబట్టి మనసు కుదిరాక చదువుతాడులే అని ఎదురుచూడటం వల్ల ప్రయోజనం లేదు. చాలాసార్లు పని మొదలైన తరువాతే మనసు కుదురుతుంది. దాళ్వాకు నీటి ఎద్దడి వచ్చిన ఏడాది కాలువ నీటిని వంతులవారీగా వదులుతారు. వంతు అర్ధరాత్రి వస్తే రైతు అర్ధరాత్రే చేలోకి వెళతాడు గానీ, వెళ్ళాలని ఉందా లేదా అని తనను తాను అడుగుతూ కూర్చోడు, ఎందుకంటే వేళా చోటూ ముందే ఖరారై ఉంటాయి. పీటర్ గోల్విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టాటర్ 1997లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే కనిపించింది. క్రిస్మస్ సెలవుల్లో ఒక నివేదిక రాసే పనిని విద్యార్థులకు అప్పగించగా, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తామో ముందే నిర్ణయించుకున్నవారిలో గడువులోగా పూర్తిచేసినవారి శాతం, అలా నిర్ణయించుకోనివారితో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉంది.

ఇంట్లో మీరు చేయవలసినదీ ఇదే. "చదువుకో" అనడం మాని, "భోజనం అయ్యాక ఎక్కడ కూర్చుంటావు, ఏ లెక్కతో మొదలుపెడతావు?" అని అడగండి. జవాబును పిల్లవాడి చేతనే కాగితం మీద రాయించండి. ఆ మొదటి అడుగు మరీ చిన్నదిగా ఉండాలి. రేఖాగణితంలో సిద్ధాంతమైతే పటం గీసి దత్తాంశం (ఇచ్చినది), సారాంశం (నిరూపించవలసినది) రాస్తే ఆ పూటకు చాలు, ఉపపత్తి (నిరూపణ) సంగతి తరువాత చూసుకోవచ్చు; అయితే అంతవరకు వచ్చిన పిల్లలు సాధారణంగా అక్కడ ఆగరు. సెల్‌ఫోన్ ఆ సమయానికి వేరే గదిలో ఉండాలి, అది మీదైనా సరే.

"సెలవులన్నీ పాడుచేశావు" అన్న మాట మాత్రం దయచేసి అనవద్దు. ఒక పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తరువాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారని, పిచిల్ మరో ఇద్దరితో కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. అసలే బెరుకుగా ఉన్న పిల్లవాడికి మన తిట్లు తోడైతే, ఆ పుస్తకం చూడగానే తప్పించుకోవాలన్న ఆలోచన ఇంకా పెరుగుతుంది.

వచ్చే సోమవారం నుంచి చివరి పీరియడ్‌లో ఇరవై నిమిషాల పాటు ఇంటిపనిని బడిలోనే మొదలుపెట్టిస్తాము. లంక గ్రామాల నుంచి రేవు దాటి వచ్చే పిల్లలు వేళకు పడవ అందుకోవాలి కనుక, వారికి ఆ ఇరవై నిమిషాలు మధ్యాహ్న భోజనం తరువాత ఉంటాయి. మిగిలిపోయిన సెలవుల పనిని ఈ నెలాఖరు వరకు, సగం చేసి తెచ్చినా, ఏ శిక్షా లేకుండా తీసుకుంటాము. రికార్డులో బొమ్మలు మాత్రం మీరో, ఇంట్లో పెద్దపిల్లలో వేసి పంపవద్దని కోరుతున్నాను. గీత వంకరైనా పిల్లల చేత్తో వేసినదానికే సంతకం పెట్టమని ఉపాధ్యాయులకు చెప్పాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు