చిమిడిపల్లి కొండ మా మేడ మీదికొచ్చింది

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరే సూర్యం,

నెల కిందట నేను కడుతున్న బుల్లి రైల్వే మోడల్ ఫొటో నీకు ఫోన్లో పంపితే ఒక్క మాటతో తేల్చేశావు, "బొమ్మలా ఉంది" అని. చెల్లెమ్మ నయం, "బాగుందన్నయ్యా" అంది. ఆ పూట నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు పోయాక అదే ఫొటో పెద్దది చేసి చూసుకుంటే నువ్వన్నదే నిజం. భిలాయిలో నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపిన కన్ను కదా, ఊరికే పోతుందా! అప్పట్నుంచీ చేస్తున్న పనంతా నీ మాటకి జవాబనుకో. వాట్సాప్‌లో రాస్తే చదవకుండా బొటనవేలి బొమ్మ పెట్టేస్తావని ఈసారి కాగితం మీద రాస్తున్నాను.

మేడమీది గదిలో పదకొండడుగుల బల్ల మీద మన కొత్తవలస-కిరండూల్ (కేకే) రైలు లైను నమూనా కడుతున్నానని చెప్పాను కదా. కొలత హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన కిలోమీటరుకి పదకొండున్నర మీటర్ల చోటు కావాలి. నా బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి కొలిస్తే 300 మీటర్లు కూడా రాదు. ఇక కొత్తవలస ఎక్కడ, అరకు ఎక్కడ! ఆ లైను మీద 58 సొరంగాలంటారు, నా వంతుకి రెండు దక్కాయి. చిమిడిపల్లి దాటాక లోయ పక్కన బండి వంగుతుంది చూడు, ఆ ఒక్క వంపు. బైలదిల్లా ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండి మొత్తాన్ని ఈ కొలతకి కుదించినా ఏడు మీటర్లుంటుంది. నేను ఏడు వ్యాగన్లతో సరిపెట్టుకున్నాను.

పట్టాల దగ్గర ఒక అబద్ధం ఆడక తప్పలేదు. మన బ్రాడ్ గేజిలో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, అంటే ఐదడుగుల ఆరంగుళాలు. సరిగ్గా నా ఎత్తు! 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. దొరికే హెచ్‌ఓ పట్టాలేమో మనకన్నా సన్నదైన స్టాండర్డ్ గేజికి చేసినవి, 16.5 మిల్లీమీటర్లే. కాబట్టి నా బొమ్మ చేసి పట్టాల మధ్య అడ్డంగా పడుకోబెడితే తల బయటికొస్తుంది. ఈ మాట పైకి అన్నందుకు మీ చెల్లెలు "అపశకునం మాటలు" అని రెండు గంటలు పలకలేదు.

ఇప్పుడు కొండ. థర్మోకోల్ దిమ్మలు మెట్లు మెట్లుగా అంటించి, పైన పాత పేపర్లు మైదా జిగురుతో పొరలు పొరలుగా వేశాను. వారానికల్లా చీమలు బారులు తీరాయి. మన వీధిలో పుస్తకాలు కుట్టే తాత జిగురులో మైలతుత్తం కలిపేవాడు, గుర్తుందా? ఆ సంగతి కొండంతా చీమలు ఎక్కాక గుర్తొచ్చింది నాకు. మొత్తం పీకి మళ్లీ వేశాను. రాళ్లకి మాత్రం నలిపిన అల్యూమినియం కాగితంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, ఆరాక ఊడదీశాను. ఆ ముడతలే రాతి పగుళ్లలా వస్తాయి.

మన్ను కోసం పనిగట్టుకుని అరకు బండెక్కాను. ఇంటికి తెచ్చి, మూకుట్లో వేయించి (పురుగు చావాలి కదా), టీ వడపోతలో జల్లించి, చివర్న అయస్కాంతం తిప్పాను. నల్లటి పొడి మీసంలా అతుక్కుంది! ఇది చేయకపోతే ఆ ఇనుప నలుసులు ఇంజను మోటారులో అయస్కాంతానికి పట్టుకుని బండిని చంపేస్తాయి. మూకుడు ఇప్పుడు నాదే. వంటింట్లోకి రానివ్వడం లేదు.

కంకరకి క్రషర్ దుమ్ము జల్లి పోశాను. నీళ్లలో ఫెవికాల్ కలిపి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు ఒక చుక్క వేసి, చెవిమందు డ్రాపర్‌తో వదలాలి. ఆ సబ్బు చుక్క లేకపోతే జిగురు కంకర మీద ముత్యంలా నిలబడుతుంది, లోపలికి దిగదు. ఒక్క అడుగు లైనుకి ఒక సాయంత్రం పోయింది. అంత చేసినా తేలిపోయింది. ఎందుకో మొన్న నిజం లైను చూస్తే అర్థమైంది, అక్కడి కంకర బూడిద రంగులో లేదురా! ఖనిజం దుమ్ము పడీ పడీ ఎర్రగా తుప్పు పట్టినట్టుంది. పట్టాల పక్కలు గోధుమ రంగు, పైభాగం మాత్రం అద్దంలా మెరుస్తుంది. మనం చిన్నప్పట్నుంచీ ఎక్కిన లైనే. ఇన్నేళ్లూ నేను చూసిందేమిటో!

చెట్లు అరకు కొండచీపుర్లే. పుల్లలు తుంపి, రంగేసిన రంపపు పొట్టు అద్దితే దూరానికి సిల్వర్ ఓక్‌లా నిలబడతాయి. వెనక వరసకి పొట్టి చెట్లు, పాలిపోయిన రంగులు. మొదట్లో వలిసె పూల చేను ఒకటి పసుపుపచ్చగా మెరిసేలా పెట్టాను, అదే నీ కంటికి బొమ్మలా తగిలింది. చిన్న వస్తువు మీద అసలు రంగు అలాగే వేస్తే గాఢంగా కనిపిస్తుంది, తెలుపు కలిపి తగ్గించాలట. చేనంతా మళ్లీ చేశాను.

ఇక నీ శాఖలోకి వస్తున్నాను, నవ్వకు. మొదటి తప్పు, బల్ల పక్కన నిలబడి పైనుంచి తీశాను. రైలుని అలా ఎవరు చూస్తారు, హెలికాప్టర్లో పోయేవాడు తప్ప! ఇప్పుడు ఫోను తలకిందులు చేసి, లెన్సు నేలకి ఆనేలా పెడుతున్నాను. 19 మిల్లీమీటర్ల మనిషి కంటి ఎత్తు అది. రెండోది, ట్యూబులైటూ బల్బూ రెండూ వెలిగితే ప్రతి చెట్టుకీ రెండు నీడలు. ఆకాశంలో రెండు సూర్యుళ్లు ఉండరు కదా (నువ్వొక్కడివే చాలు). ఒక్కటే దీపం, అదీ ఏడడుగుల దూరంలో. దగ్గర పెడితే నీడలు విసనకర్రలా విచ్చుకుంటాయి.

నీ పాత కెమెరాతో అయితే ముందరి వ్యాగన్ స్పష్టంగా ఉంటే సొరంగం మసక. లెన్సు కంతని ఎఫ్-22 దాకా మూసినా చాలలేదు, పైగా ఫొటో మొత్తం పదును తగ్గి మెత్తబడింది. స్టాండు కదపకుండా ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తొమ్మిది తీసి కంప్యూటర్లో కలిపితే ఈ చివర నుంచి ఆ చివరికి తేటగా వచ్చింది. మంచు కోసం సాంబ్రాణి వేశాను, భలే ఉంది కానీ పొగ కదులుతుంటే తొమ్మిదీ కలవవు. చివరికి పాత దోమతెర ముక్క కొండకీ ఆకాశానికీ మధ్య కట్టాను. పొద్దున్న ఏడింటి అనంతగిరి దిగొచ్చింది!

నీ తోటి వృత్తివాడి కథ ఒకటి చెప్పాలి. కాలిఫోర్నియా మాంటెరేలో జాన్ అలెన్ అని ఫొటోగ్రాఫరు ఉండేవాడు. ఇంట్లోనే గోరీ అండ్ డిఫీటెడ్ అని ఊహల రైల్వే కట్టాడు. బండ్లకీ ఇళ్లకీ పాతబడిన మురికి పట్టించడంలో తరవాత వాళ్లందరికీ గురువు. గది చిన్నదని అద్దాలు దాచి లోయని పెంచేవాడు. వ్యాగన్లని అటూ ఇటూ జరిపే షంటింగుకి ఇంజను బదులు స్టెగోసారస్ అనే డైనోసార్ బొమ్మ! 1973 జనవరిలో పోయాడు, కొద్ది రోజులకే నిప్పంటుకుని ఆ రైల్వే పాడైపోయింది. ఇవాళ మనం చూస్తున్నది ఎక్కువగా ఆయన తీసిన ఫొటోలే. అది చదివిన రోజు నుంచీ కొండ సగంలో ఉన్నా, పీకేస్తున్నా, ఒక ఫొటో తీసి పెడుతున్నాను.

ఈ కవరులో నాలుగు ప్రింట్లున్నాయి. ఒకటి అసలు కొండది, మూడు నావి. ఏది ఏదో రాయి. చెల్లెమ్మని అడక్కు.

ఇంకో పని. కాలేజీ రోజుల్లో నీ ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో శిమిలిగుడలో ఒక ఫొటో తీశావు, 996 మీటర్ల ఎత్తని రాసిన స్టేషను బోర్డు కింద నేను లుంగీలో నిలబడ్డది. దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్ గేజి స్టేషన్లో ఉన్నామని అప్పుడు ఎంత పొగరు మనకి! కాశ్మీర్ లైను వచ్చాక ఆ పేరు పోయిందనుకో. ఆ బోర్డు వెనక చెట్టు ఎడమ పక్కనా, కుడి పక్కనా? నాకు ఎడమనే గుర్తు, మీ చెల్లెలు కుడి అంటోంది. తను అసలు ఆ రోజు రానే లేదు! నెగెటివ్ వెతికి చూసి చెప్పు. అప్పటిదాకా ఆ మూల ఖాళీగా ఉంచుతాను.

నీ
గోపి