నంబర్ మాత్రం మార్చకు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. నాన్నగారి రిపోర్టులో కంగారుపడాల్సిందేమీ లేదని రాశావు, మనసు కుదుటపడింది. ఆ రిపోర్టు కోసం ఎదురుచూస్తూ, ఫోన్ మోగగానే పరుగున వెళ్లి ఎత్తితే "సార్, మీకు పర్సనల్ లోన్ అప్రూవ్ అయింది" అన్నారని రాసిన చోట నాకూ ఒళ్లు మండింది. అలాంటి టైములో మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ ఫోన్ చేసేవాళ్లకి ఏం తెలుస్తుంది?

కానీ చివర్లో "విసుగొచ్చింది, నంబర్ మార్చేస్తున్నా" అని రాశావే, ఆ పని మాత్రం చెయ్యకురా. కొత్త నంబర్ అని నువ్వనుకునేది నిజంగా కొత్తది కాకపోవచ్చు. ఎవరైనా వదిలేసిన నంబర్‌ను కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇచ్చేస్తాయి. ఆ పాత మనిషి ఎక్కడెక్కడ నంబర్ ఇచ్చాడో ఆ కాల్స్ అన్నీ నీ నెత్తిన పడతాయి, అప్పు వసూలు వాళ్లతో సహా. నీ పాత నంబరేమో ఇంకెవరి చేతికో వెళుతుంది. ఏదో ఒక బ్యాంకులో మార్చడం మర్చిపోతే ఆ ఓటీపీలు వాళ్లకి పోతాయి. ఇంత పెట్టుకుని నీకు మిగిలేది ఓ నాలుగు వారాల ప్రశాంతత.

"హలో అంటే ఎవరూ పలకరు, కాసేపాగి వెనక సంతలా గోల, అప్పుడు ఎవరో నా పేరు తప్పుగా పలుకుతారు" అని రాశావు కదా. అదేమిటంటే, నీకు ఫోన్ చేసింది మనిషి కాదు, మెషిన్. అక్కడ పదిమంది కూర్చుని ఉంటే అది అంతకంటే ఎక్కువ నంబర్లకి ఒకేసారి డయల్ చేస్తుంది, ఎలాగూ సగంమంది ఎత్తరని లెక్క. నువ్వు ఎత్తాక ఖాళీగా ఉన్న మనిషి కోసం వెతుకుతుంది. ఆ వెతుకులాటే నువ్వు విన్న నిశ్శబ్దం. ఎవరూ ఖాళీగా లేకపోతే ఫోన్ అదే కట్ అయిపోతుంది. అమెరికాలో అయితే హలో అన్న రెండు సెకన్లలోపు మనిషిని కలపాలని రూలు కూడా ఉంది. కాబట్టి ఇకమీదట ఒక్కసారి హలో అను, జవాబు లేకపోతే ఆగకుండా పెట్టేయ్. నీతో పనున్నవాళ్లు మళ్లీ చేస్తారు.

మనిషి లైన్‌లోకి వస్తే ఏం చెప్పాలన్నది ముఖ్యం. మనందరం మర్యాదకి "ఇప్పుడు బిజీగా ఉన్నానండీ, తర్వాత చెయ్యండి" అంటాం. అన్నిటికంటే చేటు ఆ మాటే. కాల్ అయిపోగానే వాళ్లు స్క్రీన్ మీద ఏదో ఒకటి నొక్కాలి: వద్దన్నారు, రాంగ్ నంబర్, మళ్లీ చెయ్యాలి, ఇలా. నువ్వు తర్వాత అన్నావంటే "మళ్లీ చెయ్యాలి" అని నొక్కుతారు. నీ నంబర్ మళ్లీ క్యూలో చేరుతుంది. అందుకని "నాకు వద్దు, మీ లిస్టులోంచి నా నంబర్ తీసేయండి" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేయ్. తిట్టకు. నువ్వు తిట్టేది జీతం కోసం రోజంతా తిట్లు తినే ఓ పిల్లనో పిల్లాడినో. నీ నంబర్ కొన్నవాడికి ఆ తిట్టు చేరదు.

చేరాల్సిన చోటికి చేరేది కంప్లయింట్. ముందు డీఎన్‌డీ పెట్టుకో, అంటే ప్రచారం కాల్స్ వద్దని నీ నంబర్‌ను నమోదు చేయించుకోవడం. ఇంగ్లీషు అక్షరాల్లో స్టార్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, సున్నా పెట్టి 1909కి మెసేజ్ పంపు. ఆ నంబర్‌కి ఫోన్ చేసినా సరే. బ్యాంకు ఓటీపీలు ఆగవు, భయపడకు. "అది ఎప్పుడో పెట్టుకున్నా, లాభం లేదు" అంటారు చాలామంది. రిజిస్టర్ చేసుకున్న కంపెనీలు ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చెయ్యాలి, డీఎన్‌డీ వాటిని ఆపుతుంది. మనల్ని వేధించేవాళ్లలో ఎక్కువమంది మామూలు పది అంకెల నంబర్ల నుంచి చేస్తారు. అది అసలు రూలుకే విరుద్ధం. అలాంటి కాల్‌ను బ్లాక్ చేసి ఊరుకుంటే రేపు ఇంకో నంబర్ నుంచి వస్తుంది. అదే 1909కి గానీ, ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ యాప్‌లో గానీ ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే లెక్కలోకి వెళుతుంది. 2025లో రూలు మార్చారు. అంతకుముందు అలా చేసే ఒకరి మీద వారంలో పది ఫిర్యాదులు వస్తేనే చర్యకి కదిలేవాళ్లు, ఇప్పుడు పది రోజుల్లో అయిదు చాలు. అయిదంటే అయిదేరా! మనం విసుక్కుని వదిలేసే ఒక్కొక్క కాల్ విలువ అక్కడ ఉంది. అందుకే ఈ సంగతి ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

అమెరికాలో ఉన్న మీ అక్కయ్యకి కూడా చెప్పు. అక్కడ 2003 నుంచి మన డీఎన్‌డీ లాంటి లిస్టే ఉంది. అయితే రాజకీయ పార్టీల కాల్స్, సర్వేలు దానికింద ఆగవు.

ఓటీపీ అడిగినా, ఏదైనా యాప్ డౌన్‌లోడ్ చెయ్యమన్నా అది అమ్మకం కాల్ కాదు, మోసం. దాన్ని ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చక్షు అనే చోట రాసి పెట్టు.

నాకు నీకంటే అమ్మ గురించి ఎక్కువ బెంగగా ఉంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేయడం తప్పని ఆవిడ చివరిదాకా వింటుంది, "సరే బాబూ" అంటుంది. ఆ "సరే"ని పట్టుకుని ఏదో ఒకటి అంటగట్టేవాళ్లు ఉన్నారు. "వద్దు" అని పెట్టేయడం అమర్యాద కాదని ఆవిడకి నెమ్మదిగా చెప్పు. నువ్వు చెబితే వినదు, నాకు తెలుసు. ఆదివారం సాయంత్రం నేనే ఫోన్ చేస్తా. అమ్మ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చో, ఆ మెసేజ్ దగ్గరుండి పంపిద్దాం.

నీ
మూర్తి